ఎన్నో స్థానం, ఎందరిలో?

టోక్యో ఒలింపిక్స్ సెయిలింగ్ పోటీలు 2021లో ఎనోషిమా తీరంలో జరిగాయి. అవి ముగిశాక చెన్నై సెయిలర్ నేత్రా కుమనన్ గురించి మూడు వాక్యాలు రాసే వీలు చిక్కింది. ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళా సెయిలర్ ఆమె. లేజర్ రేడియల్ విభాగంలో 44 మందిలో 35వ స్థానంలో నిలిచింది. తొలి పదిమందికి మాత్రమే చోటుండే పతక రేసుకు చేరలేకపోయింది. మూడూ నిజమే. మొదటిది ఒక్కటే చదివినవాళ్లకు చరిత్ర సృష్టించిన మనిషి కనబడుతుంది, మూడోది ఒక్కటే చదివితే చేతులెత్తేసిన మనిషి. పత్రికకు పెద్దగా ఇబ్బంది లేదు, రేపటి సంచికలో ఇంకో వార్త వస్తుంది. ఎవరైనా చదవగలిగే, ఎవరైనా దిద్దగలిగే విజ్ఞానసర్వస్వంలో అలా కుదరదు. అక్కడ ఏ వాక్యం ముందుండాలి, ఏది ఎంత చోటు తీసుకోవాలి అన్నది తేలేదాకా పేజీ నిలకడగా ఉండదు.

ఆటగాళ్లందరి విషయంలోనూ ఈ చిక్కు ఉన్నదే. సెయిలింగ్ దగ్గర మాత్రం అది ముదురుతుంది. క్రికెట్లో సెంచరీ అంటే సెంచరీ, పరుగులో 10 సెకన్లంటే 10 సెకన్లు. తెరచాప పడవల పందెంలో అంకె తనంతట తాను ఏమీ చెప్పదు. ఎన్ని రేసులు జరిగాయి, ఎన్ని పడవలు దిగాయి, ఏ ఫలితాన్ని లెక్కలోంచి తీసేశారు, గాలి ఎలా ఉంది, ఏ తరగతి పడవ అన్న సంగతులన్నీ వెనకాల నిలబడితేనే దానికి అర్థం.

ఈ సంగతి పల్నాడులో కూర్చుని మాట్లాడుకోవడం వింతగా అనిపించవచ్చు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పాత గుంటూరు జిల్లాకున్న సముద్ర తీరం బాపట్లకు పోయింది. నరసరావుపేట కేంద్రంగా ఏర్పడ్డ పల్నాడుకు మిగిలిన పెద్ద నీరు కృష్ణే. మాచర్ల దగ్గర విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకు లాంచీలు తిరుగుతాయి, అవి ఇంజన్ మీద నడిచేవి. తెరచాప కట్టి పందెం వేసే సంప్రదాయం ఈ నేలలో లేదు. అయినా తెలుగు వికీపీడియాలో ఒక సెయిలర్ పేజీ తెరిచి రాసేవాళ్లు ఎక్కువమంది ఇలాంటి చోట్లవాళ్లే అవుతారు. ఆ ఆటను ఒడ్డు నుంచి కూడా చూడనివాళ్లు, పత్రికల కత్తిరింపులు, ఫలితాల పట్టికలు ముందు పెట్టుకుని రాస్తారు. 2003 డిసెంబరు 10న మొదలైన ఆ విజ్ఞానసర్వస్వంలో ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. వాటిలో సింహభాగం రాసినవాళ్లు ఆయా రంగాల నిపుణులు కారు. అది లోపమేమీ కాదు. తెలియనివాడు మూలం చూసి రాస్తాడు. తెలిసినవాడు జ్ఞాపకం మీద ఆధారపడి రాసే ప్రమాదం ఉంది.

పైగా పల్నాటి పాఠకుడికి ఈ లెక్క కొత్తది కాదు. తిరునాళ్లలో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూసినవాళ్లెవరూ ‘ఫలానావారి జత మొదటి బహుమతి కొట్టింది’ అంటే ఊరికే ఒప్పుకోరు. ఏ విభాగం, రెండు పళ్లా, నాలుగు పళ్లా, సీనియర్సా? రాయి ఎంత బరువు? ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగింది? ఎన్ని జతలు దిగాయి? ఈ ప్రశ్నలకు జవాబు లేని బహుమతిని రచ్చబండ దగ్గర ఎవరూ లెక్కచేయరు. సెయిలర్ పేజీ రాసేటప్పుడు కావలసింది ఆ అనుమానమే.

ఇక ఫలితాల పట్టికను దగ్గరగా చూద్దాం. హాంగ్‌ఝౌలో 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో బాలికల ఐఎల్‌సీఏ 4 విభాగంలో నేహా ఠాకూర్ రజతం సాధించింది. మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లా రైతు కుటుంబం నుంచి వచ్చి, భోపాల్‌లోని జాతీయ సెయిలింగ్ పాఠశాలలో నేర్చుకున్న అమ్మాయి. ఆమెకు 11 రేసుల్లో వచ్చిన పాయింట్ల మొత్తం 32. ఆమె పేరు మీద నమోదైన తుది అంకె 27. కొత్తగా రాసేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. ఒక పత్రికలో 32, ఇంకోదాంట్లో 27, ఏదో ఒకటి అచ్చుతప్పు అనుకుంటారు. రెండూ సరైనవే. మొదట వచ్చినవాళ్లకు 1, రెండో స్థానానికి 2, అలా స్థానాన్నిబట్టి పాయింట్లు పడతాయి, చివరికి తక్కువ పాయింట్లు ఉన్నవాళ్లే విజేత. అన్నిటికంటే చెడ్డ ఫలితాన్ని లెక్కలోంచి కొట్టేస్తారు. నేహాకు అత్యంత చెడ్డ ఫలితం 5వ స్థానం, ఆ 5 తీసేస్తే 27. పట్టికలో కొట్టేసిన అంకె బ్రాకెట్లో కనబడుతుంది. ఆ బ్రాకెట్ ఏమిటో తెలియకపోతే మొత్తం వ్యాసమే తలకిందులవుతుంది. ఎక్కువ పాయింట్లు వస్తే గొప్ప అనుకునే అలవాటు మనకు ఇతర ఆటల నుంచి వచ్చింది, దాన్నిక్కడ వాకిట్లో వదిలి రావాలి.

అదే పట్టికలో అంకెల పక్కన కొన్ని పొడి అక్షరాలు ఉంటాయి. డీఎన్ఎఫ్ అంటే రేసు పూర్తి చేయలేదని, డీఎస్‌క్యూ అంటే ఆ రేసులో అనర్హత అని, ఓసీఎస్ అంటే ఆరంభ సంకేతానికి ముందే గీత దాటారని. వీటిలో ఏది పడ్డా బరిలో ఉన్న పడవల సంఖ్యకు ఒకటి కలిపి పాయింట్లు వేస్తారు. 44 పడవలుంటే 45. తెలుగులో ‘అనర్హత వేటు’ అనే మాట వినగానే ఉత్ప్రేరకాలో, మోసమో మనసులో మెదులుతుంది. సెయిలింగ్‌లో అది చాలాసార్లు దారి హక్కు తగాదా. ఎవరు ఎవరికి దారి ఇవ్వాలన్న దాని మీద ఒక పడవ ఫిర్యాదు చేస్తుంది, ఒడ్డుకొచ్చాక విచారణ జరుగుతుంది, ఓడినవాళ్లు ఆ ఒక్క రేసు పాయింట్లు పోగొట్టుకుని మర్నాడు మళ్లీ పడవ దింపుతారు. జీవించి ఉన్న మనిషి పేజీలో సందర్భం చెప్పకుండా ‘అనర్హత వేటుకు గురైంది’ అని రాయడం అబద్ధం కాకపోవచ్చు, అన్యాయం మాత్రం అవుతుంది.

అంకెకు తేదీ కూడా ఉంటుంది. పారిస్ ఒలింపిక్స్‌లో నేత్రా తొలి రేసును ఆరో స్థానంలో ముగించింది. ఆ రోజు వార్తలు సంబరంగానే వచ్చాయి. చివరికి ఆమె స్థానం 43 మందిలో 21. ఆ పొద్దున పేజీలోకి ఎక్కిన ‘ఆరో స్థానంలో కొనసాగుతోంది’ లాంటి వాక్యం తరవాత ఎవరూ తీయకపోతే ఏళ్ల తరబడి అలాగే నిలిచిపోతుంది. 35 నుంచి 21కి ఎదిగిన ఆ మూడేళ్ల ప్రయాణమే అసలు కథ. అది కనబడాలంటే ఇంకో సంగతి తెలియాలి. టోక్యోలో లేజర్ రేడియల్ అన్న పడవ, పారిస్‌లో ఐఎల్‌సీఏ 6 అన్న పడవ ఒకటే. 2019లో పేరు మారినా టోక్యోలో పాత పేరే వాడారు. తెలియనివాళ్లు రెండు వేర్వేరు విభాగాలుగా రాస్తే పోల్చే వీలే పోతుంది. పురుషుల్లో విష్ణు శరవణన్‌దీ ఇదే సంగతి. టోక్యోలో లేజర్ స్టాండర్డ్‌లో 20, పారిస్‌లో ఐఎల్‌సీఏ 7లో 18, మధ్యలో హాంగ్‌ఝౌలో కాంస్యం. మూడూ ఒకే రకం పడవలో.

తటస్థ దృక్కోణం అన్న వికీపీడియా నియమాన్ని చాలామంది చెరిసగం పంచడం అనుకుంటారు. ఒక పొగడ్త, ఒక విమర్శ, తూకం సరిపోయింది అని. ఎక్కడ అలా రాయాలో, ఎక్కడ రాయకూడదో పల్నాటి చరిత్రే చక్కగా చూపిస్తుంది. బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ మధ్య జరిగిన కోడిపోరులో ఏం జరిగిందన్నది 12వ శతాబ్దపు సంగతి. దాన్ని కావ్యం చేసిన శ్రీనాథుడు 15వ శతాబ్దంవాడు. ఆ వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం అచ్చు వేయించింది 1911లో. నాగమ్మ కుట్ర చేసిందా లేదా అన్నదానికి ఫలితాల పట్టిక లేదు. కాబట్టి అక్కడ ‘కావ్యం ప్రకారం’, ‘వీరాచారం పాటించేవారి నమ్మకం ప్రకారం’ అని ఎవరి మాట వారికి ఆపాదించి, భిన్నమైన కథనాలుంటే అన్నీ చెప్పడమే న్యాయం. హాంగ్‌ఝౌ రజతానికి అలాంటి రెండో కథనం లేదు. పట్టిక ఉంది. దాని పక్కన ‘కొందరి అభిప్రాయంలో ఇది గొప్ప విజయం’ అని రాయడం తటస్థత కాదు, పిరికితనం. ఆ విభాగం వయసు పరిమితి ఉన్న యువ విభాగమని, పెద్దల విభాగం వేరని ఒక్క ముక్క రాస్తే చాలు, తూకం దానంతట అదే కుదురుతుంది.

తూకానికి అసలు పరీక్ష ‘ఎందరిలో’ అన్న ప్రశ్న దగ్గర ఎదురవుతుంది. భారత నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టామీ 2022 గోల్డెన్ గ్లోబ్ రేసులో రెండో స్థానం సాధించారు. ఒంటరిగా, పాతకాలపు పరికరాలతో, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి రావాల్సిన పందెం అది. ఫ్రాన్స్‌లోని లే సాబ్ల్ దొలోన్ నుంచి బయలుదేరినవాళ్లు 16 మంది. ప్రధాన విభాగంలో ఆఖరిదాకా నిలిచినవాళ్లు ముగ్గురు. ‘ముగ్గురిలో రెండో స్థానం’ అని రాస్తే చిన్నబోతుంది, ‘16 మందిలో రెండో స్థానం’ అంటే వెలుగుతుంది. ఏది న్యాయం? రెండు అంకెలూ ఒకే వాక్యంలో రాయడమే. 13 మంది ప్రధాన విభాగంలో ముగించలేకపోయారంటేనే ఆ పందెం స్వభావం తెలుస్తుంది.

ఆ రేసులోనే ఇంకో మెలిక ఉంది. 2023 ఏప్రిల్ 27న ముగింపు గీతను ముందుగా దాటింది బ్రిటన్‌కు చెందిన సైమన్ కర్వెన్. గెలిచింది దక్షిణాఫ్రికా సెయిలర్ కిర్‌స్టెన్ న్యూషేఫర్. కర్వెన్ మరమ్మతు కోసం చిలీలో ఒడ్డుకు చేరడంతో, ఒకసారి ఆగినవాళ్ల కోసం ఉన్న వేరే విభాగానికి మారిపోయారు. న్యూషేఫర్ అదే రోజు రాత్రి చేరి విజేత అయ్యారు. మునిగిన పడవ నుంచి తోటి పోటీదారు టాపియో లెహ్‌టినెన్‌ను కాపాడినందుకు నిర్వాహకులు ఆమెకు సమయం కలిపి ఇచ్చారు కూడా. ‘ముందు వచ్చినవాడే మొదటివాడు’ అనే అమాయకమైన దిద్దుబాటు ఒకటి ఆ పేజీలో పడితే, మంచి ఉద్దేశంతోనే చరిత్ర తప్పిపోతుంది.

టామీ పేజీలో 2018 కూడా ఉండాలి. ఆ ఏడాది ఇదే పందెంలో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను ఆయన పడవ తెరకొయ్యను విరిచేసింది. వెన్నుకు తీవ్ర గాయమై కదలలేని స్థితిలో ఉన్న ఆయన్ని ఫ్రెంచి నౌక ఓసిరిస్ సెప్టెంబరు 24న రక్షించింది. పట్టికలో అది ‘పూర్తి చేయలేదు’ అన్న రెండు మాటలే. అభిమాని ఆ రెండు మాటల్ని తీసేయాలని చూస్తాడు, గిట్టనివాడు అవి మాత్రమే ఉంచాలని చూస్తాడు. ఆ రెండు మాటలతో పాటు ఒక పేరా ఉండాలి. అది లేకపోతే 2023 నాటి రెండో స్థానానికి ఉన్న బరువు పాఠకుడికి అందదు.

‘పిన్న వయసు’ అన్న బిరుదు అన్నిటికంటే గడ్డు సమస్య. ఆస్ట్రేలియా అమ్మాయి జెస్సికా వాట్సన్ 2009 అక్టోబరు 18న సిడ్నీ నుంచి ఒంటరిగా బయలుదేరి, 210 రోజుల తరవాత 2010 మే 15న తిరిగొచ్చింది. మరో మూడు రోజులైతే 17 ఏళ్లు నిండుతాయి. రేవులో ప్రధాని స్వయంగా ఎదురొచ్చారు. అప్పటికే సెయిలింగ్ వర్గాల్లో వాదన మొదలైంది. ప్రపంచ సెయిలింగ్ వేగ రికార్డుల మండలి నిబంధన ప్రకారం భూప్రదక్షిణ అనిపించుకోవాలంటే కనీసం 21,600 నాటికల్ మైళ్లు ఉండాలి. ఆ దూరాన్ని పడవ నీటి మీద తిరిగిన వంకర దారిని బట్టి కొలవరు, మలుపు బిందువుల మధ్య అతి దగ్గరి దారిని బట్టి కొలుస్తారు. ఆ కొలతలో ఆమె దారి సరిపోదన్నది విమర్శకుల వాదం. పైగా వయసును బట్టి రికార్డులు గుర్తించడం ఆ మండలి అప్పటికే మానేసింది. అంతకుముందు 1999లో 18 ఏళ్ల జెస్సీ మార్టిన్‌కు అలాంటి గుర్తింపు దక్కింది.

ఇప్పుడు ఏం రాయాలి? ‘ప్రపంచంలోనే పిన్న వయసు రికార్డు’ అని రాస్తే గుర్తించే సంస్థే లేదు. ‘రికార్డు కాదు’ అని తేల్చేస్తే, గుర్తింపు కోసం ఏర్పడిన విభాగమే లేనప్పుడు ఓడిపోయిందన్న అర్థం వస్తుంది. ‘వివాదాస్పద యాత్ర’ అని మొదటి వాక్యంలో తగిలిస్తే 210 రోజులు ఒక విశేషణం కింద నలిగిపోతాయి. వయసు, తేదీలు, ఎక్కడా ఆగకపోవడం ఇవన్నీ జరిగిన సంగతులు, వాటిని సూటిగా రాయవచ్చు. మండలి ప్రమాణం ఇదీ, దాని ప్రకారం అభ్యంతరం ఇదీ, లేవనెత్తింది ఫలానావారు అన్నది తరవాతి పేరాలో రావాలి. ఏ పదం వాడాలన్న తగవు చర్చా పేజీలో తేలాలి, వ్యాసంలో కాదు. 2012లో 16 ఏళ్ల వయసులో మధ్యమధ్య ఆగుతూ ఒంటరి ప్రదక్షిణ ముగించిన డచ్ అమ్మాయి లారా డెకర్ దగ్గరా ఇదే సూత్రం పనికొస్తుంది.

అచ్చయిన మూలం ఉంటే చాలు అనుకునేవారు డొనాల్డ్ క్రోహర్స్ట్‌ను గుర్తుపెట్టుకోవాలి. 1968 అక్టోబరు 31న బ్రిటన్ నుంచి తొలి గోల్డెన్ గ్లోబ్ పందానికి బయలుదేరిన ఆయన అట్లాంటిక్‌లోనే తచ్చాడుతూ, ప్రపంచం చుట్టేస్తున్నట్టు రేడియోలో తప్పుడు స్థానాలు పంపారు. ఒకే రోజులో 243 మైళ్లు సాగినట్టు చెప్పుకున్న అంకెను పత్రికలు రికార్డుగా అచ్చువేశాయి. 1969 జులై 10న ఆయన పడవ దొరికింది, మనిషి లేడు. నిజం చెప్పింది పడవలో మిగిలిన దినచర్య పుస్తకాలే. ఆ పందెం పూర్తిచేసిన ఏకైక వ్యక్తి రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ తన 5,000 పౌండ్ల బహుమతిని క్రోహర్స్ట్ కుటుంబానికి ఇచ్చేశారు. 1968 డిసెంబరులో విజ్ఞానసర్వస్వం రాసేవాడు పత్రికను నమ్మి 243 మైళ్లు రాసి ఉంటే నియమం ప్రకారం తప్పు పట్టలేం. ‘క్రోహర్స్ట్ చెప్పిన ప్రకారం’ అన్న రెండు ముక్కలు చేర్చి ఉంటే మాత్రం జులైలో ఆ వాక్యం సిగ్గుపడాల్సిన పని ఉండేది కాదు. నేటి పోటీల్లో ఉపగ్రహ ట్రాకింగ్ వచ్చి ఈ బెడద చాలా తగ్గింది. సెయిలర్ చెప్పినదానికీ నిర్వాహకులు ధ్రువీకరించినదానికీ తేడా చూపించడం మాత్రం ఇప్పటికీ అవసరమే.

తెలుగు సెయిలర్ల దగ్గర ఎదురయ్యే కష్టం దీనికి తలకిందులు. వాట్సన్ లాంటివాళ్ల దగ్గర మూలాలు ఎక్కువై కొట్టుకోవడం, ఇక్కడ మూలాలే పలచన. హుస్సేన్‌సాగర్ మీద సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ సంఘం చాలాకాలంగా పోటీలు నడుపుతోంది. 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలకు పడవలు అప్పగించి, ఏటా మాన్‌సూన్ రెగట్టా జరుపుతోంది. ఆ క్లబ్‌లో ఎదిగిన కొంగర ప్రీతి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల మిక్స్‌డ్ 470 విభాగంలో సుధాంశు శేఖర్‌తో కలిసి బరిలో దిగింది. ఇలాంటి ఒకరి మీద తెలుగులో వ్యాసం రాయబోతే దొరికేవి జిల్లా పేజీ వార్తలు, క్లబ్ ప్రకటనలు. ఆ రెండూ చాలాసార్లు ఒకే ప్రకటనకు రెండు రూపాలు. ఆ వార్త పది పత్రికల్లో వచ్చినా అది పది మూలాలు కాదు.

470 ఇద్దరు నడిపే పడవ. చుక్కాని ఒకరిది, ముందు తెరచాప ఇంకొకరిది. ఫలితం ఇద్దరిదీ. ‘తెలుగు తేజం’ కోసం వెతికే మన అలవాటు రెండో మనిషిని మింగేస్తుంది. టోక్యోలో 49ఈఆర్ విభాగంలో 19 జట్లలో 17వ స్థానంలో నిలిచిన కేసీ గణపతి, వరుణ్ ఠక్కర్‌లను జతగా కాక ఒంటరిగా చెప్పడం ఎలా కుదరదో ఇక్కడా అంతే.

మరో చిక్కు వయసు. ఆప్టిమిస్ట్ తరగతి పడవ 15 ఏళ్లలోపు పిల్లలది. అందులో గెలిచిన పిల్లల మీద పత్రికలు రాస్తాయి, రాయాలి కూడా. వాటిలో సగం కథ తండ్రి కూలి పని గురించి, ఇరుకు ఇంటి గురించి ఉంటుంది. ఆ వార్త ఆధారంగా ఓ 13 ఏళ్ల పిల్ల పేరు మీద శాశ్వత పేజీ తెరిచి, మొదటి పేరాలోనే ఇంటి పేదరికం రాయడం సబబు కాదు. పతకానికి పేదరికం కారణమూ కాదు, బిరుదూ కాదు. పెద్దయ్యాక ఆ పిల్లే సెయిలింగ్ మానేసి బ్యాంకు ఉద్యోగం చేసుకుంటుంటే, పేరు వెతికిన ప్రతివాడికీ ఆ ఇరుకు ఇల్లే ముందు కనబడుతుంది. పాల్గొన్నంత మాత్రాన వ్యాసానికి తగిన ప్రాముఖ్యత ఉన్నట్టేనా అన్నదాని మీద ఇంగ్లీషు వికీపీడియాలో 2021-22 మధ్య హోరాహోరీ చర్చలు జరిగి, ఒలింపిక్స్ సహా పోటీలో దిగితే చాలన్న వెసులుబాటు పోయింది. మనిషి గురించి స్వతంత్రంగా, వివరంగా రాసిన మూలాలు కావాలన్నారు. తెలుగులో ఆ చర్చ ఇంకా గట్టిగా జరగాలి. జట్టు పేజీలోనో, పోటీ పేజీలోనో ఒక వరుసగా ఉండాల్సిన ఫలితాన్ని లాగి మొలక వ్యాసం చేయడం వల్ల ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు.

క్లబ్ కోచ్‌లు, తల్లిదండ్రులు తామే రాయబోవడం ఇంకో కోణం. ప్రేమతోనే రాస్తారు. ఓడిన రేసులు అందులో ఉండవు. అలాంటివారు చర్చా పేజీలో తామెవరో చెప్పి, సమాచారం అక్కడ పెడితే, వేరొకరు సరిచూసి వ్యాసంలో చేర్చడం వికీలో ఉన్న మర్యాద. ద్వేషంతో రాసేవాళ్లు అరుదే, అయినా దెబ్బ పెద్దది. 2005లో అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్‌ను కెనడీ సోదరుల హత్యలతో ముడిపెడుతూ ఎవరో సరదాకు రాసిన అబద్ధం వికీపీడియాలో నాలుగు నెలలు ఎవరి కంటా పడలేదు. జీవించి ఉన్నవారి గురించి మూలం లేని ఆరోపణ కనబడితే చర్చ కోసం ఆగకుండా తీసేయాలన్న కట్టుదిట్టం ఆ తరవాతే బిగిసింది. సెయిలర్ల విషయంలో ఆ నియమం డోపింగ్ పుకార్లకూ, ఎంపిక వివాదాలకూ, కోచ్‌తో తగాదాలకూ వర్తిస్తుంది.

‘తొలి’ అన్న మాట తెలుగు పేజీల్లో విరివిగా పూస్తుంది. నౌకాదళ పడవ తారిణి మీద ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి భూమి చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. అందులో ఇద్దరు మనవాళ్లు, విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. 254 రోజుల యాత్రలో 199 రోజులు సముద్రం మీదే గడిపారు. ఇది పోటీ కాదు, యాత్ర. కాబట్టి స్థానాల గొడవ లేదు, మొత్తం బరువు ‘తొలి’ మీదే పడింది. ప్రపంచంలోనే తొలి మహిళా జట్టా? కాదు. 1989-90 విట్‌బ్రెడ్ రేసులో ట్రేసీ ఎడ్వర్డ్స్ నాయకత్వంలో మెయిడెన్ పడవ మొత్తం మహిళలతో ప్రపంచం చుట్టి, రెండు అంచెలు గెలిచి, తన తరగతిలో రెండో స్థానం పొందింది. ఆగకుండా చుట్టారా? కాదు. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్‌లలో ఆగారు, చుక్కాని చెడితే అనుకోకుండా మారిషస్‌లోనూ ఆగారు. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా చుట్టిన తొలి భారతీయుడు టామీ, 2013లో. ఆగుతూ ఒంటరిగా చుట్టిన తొలి భారతీయుడు దిలీప్ దోండే, 2010లో. తారిణికి న్యాయంగా దక్కేది ‘పూర్తిగా మహిళా సిబ్బందితో భూప్రదక్షిణ చేసిన తొలి భారతీయ బృందం’. అది చిన్న మాటేమీ కాదు, ఇంకేదీ అతికించక్కర్లేదు. సారథి వర్తికా జోషి పేరు స్వాతి పేజీలోనూ, ఐశ్వర్య పేజీలోనూ ఉండి తీరాలి. అధికారిక ప్రకటనల్లోని దూరం 21,600 నాటికల్ మైళ్లు. వాట్సన్ దగ్గర చూసిన కనీస ప్రమాణమూ అదే అంకె. అది పడవ సాగిన దూరమా, ప్రమాణమా అన్నది మూలం చూసి రాయాలి.

అదే తారిణి మీద దిల్నా, రూప అనే ఇద్దరు అధికారులు 2024 అక్టోబరు 2న గోవా నుంచి బయలుదేరి, అవే నాలుగు రేవుల్లో ఆగి, 2025 మే 29న తిరిగొచ్చారు. ఇద్దరే కలిసి ప్రపంచం చుట్టిన తొలి భారతీయ మహిళలు వాళ్లు. 2018 నాటి వ్యాసంలో ‘ఆరుగురు సిబ్బంది’, ‘2018లో’ అన్న వివరాలు ఉంటే అందులో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ‘ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఏకైక భారతీయ మహిళలు’ అని ఎవరైనా రాసి ఉంటే, గోవాలో పడవ కట్టిన ఆ రోజే ఏ నరసరావుపేట నుంచో ఒకరు ఆ పేజీ దిద్దుబాటు పెట్టె తెరవాల్సి వస్తుంది.